మీటరు మీద అంకె

నంద్యాలలో బీకాం రెండో ఏడు చదివే ఒక కుర్రవాడికి నిరుడు వాళ్ల నాయన పికప్ బండి కొనిపెట్టాలనుకున్నాడు. వాళ్లది శిరివెళ్ల మండలం. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే హైవేకు కాస్త లోపలున్న ఊరు. కౌలు సేద్యం, రెండు బర్రెలు, చదువుకునే పిల్ల ఇంకొకతె. సేద్యం మీదనే ఇద్దరి చదువులూ గట్టెక్కవని కుర్రవాడికి ఇంటర్‌లోనే అర్థమైంది. తెల్లవారుజామున మహానంది వైపు తోటల్లో అరటి గెలలు ఎత్తి నంద్యాలలో దించితే తొమ్మిదిన్నరకు కాలేజీలో ఉండొచ్చని, ఆదివారం ఏ లోడు దొరికితే అది వేసుకోవచ్చని లెక్క వేసుకున్నాడు. డీజిలు, టైర్లు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి రాసిన కాగితం తెచ్చి నాకు చూపించాడు. వాళ్లకు వ్యాపార చట్టాల పేపరు నేనే చెబుతాను. ఆ కాగితంలో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు.

చట్టం వైపు నుంచీ చిక్కు లేదు. రవాణా బండి నడపడానికి ఇరవై ఏళ్లు నిండాలి, నిండాయి. 7,500 కిలోల లోపు బండికి మామూలు ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సే చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. చిక్కల్లా డబ్బు దగ్గరే. కొత్త బొలెరో పికప్ కావాలంటే పది లక్షలకు అటూ ఇటూగా పెట్టాలి. నాయన ఒక బర్రెను అమ్మి, చీటీ పాడి, బంధువుల దగ్గర కొంత తెచ్చి మూడు లక్షలు పోగు చేశాడు. అప్పు ఉన్న ఇంట్లో మూడు లక్షలంటే ఎంత బరువో చెప్పనక్కరలేదు. అందుకే ఆయన ప్రతి బండినీ భయంతోనే చూశాడు.

మొదట ఒక టాటా ఏస్ చూశారు. స్టార్ట్ చేసి ఆయిలు మూత తీస్తే పొగ ఎగదన్నింది. మెకానిక్ 'బ్యాక్ కంప్రెషన్', అంటే ఇంజను అరిగిందని, ఒక్క మాట అని చేతులు తుడుచుకున్నాడు. తర్వాత ఒక అశోక్ లేలాండ్ దోస్త్. బండి బాగానే ఉంది గాని ఫైనాన్సు తీరలేదు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు కూడా అయిపోయింది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటేటా ఎఫ్‌సీ చేయించాలి. దానికి ముందు చేయించాల్సిన రిపేరే ముప్పై, నలభై వేలు లాగేస్తుంది. ఫైనాన్సు కంపెనీ ఎన్‌వోసీ ఇచ్చి, ఫారం 35 మీద సంతకం పెడితే గాని ఆర్సీలో హెచ్‌పీ (ఫైనాన్సు నమోదు) తీసేయరు. అది తేలేదాకా ఆ బండికి అడ్వాన్సు ఇవ్వొద్దని నేనే గట్టిగా చెప్పాను.

ఇంకొకటి ఆళ్లగడ్డలో ఉందని ఒక లారీ డ్రైవరు చెబితే తండ్రీ కొడుకులు బస్సెక్కి పోయారు. ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. అక్కడ చెక్కిన దేవుళ్లు ఎక్కడెక్కడి గుళ్లకో పోతారు. అహోబిలం దగ్గరే కాబట్టి ఏ శిల్పాల షెడ్డు ముందు చూసినా నరసింహస్వామి కనిపిస్తాడు. డ్రైవరు చెప్పిన షెడ్డు యజమాని పెద్దాయన, అందరూ మేస్త్రి అని పిలుస్తారు. విగ్రహాలు తోలే బండి, పనివాళ్లు తగ్గారని అమ్మేస్తున్నాడు. ధర రెండు లక్షల ముప్పై వేలు.

"ఎన్ని కిలోమీటర్లు తిరిగింది మేస్త్రీ?" అని నాయన అడిగాడు.

"మూడు లక్షల నలభై వేలు దాటిందప్పా. దాచేదేముంది? ఇంతవరకు ఇంజను విప్పలే. బండి తాడిపత్రికి పోయింది, మధ్యాహ్నానికి వస్తాది. అన్నం తిని కూసోండి. చూసినాక మాట్లాడుదురు."

నాయన కొడుకును పక్కకు పిలిచాడు. "మూడు లక్షల నలభై వేలంటే ఇంకేముందిరా దాంట్లో? పా, పోదాం."

"బండి చూసి పోదాం నాయినా" అన్నాడు కుర్రవాడు. నాయన అప్పటికే రోడ్డు మీదికి వచ్చేశాడు.

ఆయన్ని నేను తప్పు పట్టలేను. మూడు లక్షల నలభై వేల కిలోమీటర్లంటే భూమధ్యరేఖ వెంట ఈ భూగోళాన్ని ఎనిమిదిన్నర సార్లు చుట్టినట్టు. అరువు తెచ్చిన డబ్బు జేబులో పెట్టుకుని ఆ అంకె వింటే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ బండి మంచిచెడ్డలు ఆ అంకె ఒక్కటే చెప్పదు. వేళకు ఆయిలు, ఫిల్టర్లు మార్చి, బరువు చూసి లోడు వేస్తే డీజిలు ఇంజను లక్షల కిలోమీటర్లు పోతుంది. వేళ తప్పించి, మోయలేనంత ఎత్తితే లక్షకే బోరుకొస్తుంది. ఆయిలు మూత దగ్గర పొగ, క్లచ్ ఎంత ఎత్తులో పట్టుకుంటోంది, స్టీరింగులో ఆట, ఛాసిస్ మీద వెల్డింగు, తొక్కి తొక్కి అరిగిన పెడళ్లు, కూర్చుని కూర్చుని కుంగిన సీటు చూడాలి. కొనేవాళ్లు ఇవన్నీ వదిలి మీటరు దగ్గరే ఆగిపోతారని అమ్మేవాళ్లకు బాగా తెలుసు. మీటరును వెనక్కి తిప్పే పనివాళ్లు బతుకుతున్నది మన ఈ ఒక్క భయం మీదనే.

నెలన్నర గడిచింది. నంద్యాలలో పాత బండ్లు అమ్మే ఒక కన్సల్టెన్సీ దగ్గర తెల్లటి బొలెరో పికప్ నిలబడి ఉంది. 2013 మోడలు, ఏపీ 21 నంబరు. లోపల కొత్త సీటు కవర్లు, కొత్త మ్యాట్లు, పెడళ్లకు కొత్త రబ్బర్లు. మీటరు మీద లక్షా పద్నాలుగు వేలు. ఆ అంకె చూడగానే నాయన ముఖం విప్పారిందని కుర్రవాడు నాతో చెప్పాడు. కుర్రవాడు ఫోనులో ఎంపరివాహన్ యాప్ తీసి నంబరు కొట్టాడు. ఎఫ్‌సీ ఉంది, ఇన్సూరెన్సు ఉంది, ఫైనాన్సు లేదు. బండి ఎంత తిరిగిందో మాత్రం ఆ యాప్ చెప్పదు. మెకానిక్ ఆయిలు మూత తీశాడు. పొగ లేదు.

"ఇంజను బాగా చూసుకున్నారు ఎవరో" అన్నాడు. తర్వాత బండి కిందికి దూరి, "కమాను పట్టీలు మాత్రం కుంగినాయి. లక్షకే ఇంత కుంగవే" అని నసిగాడు.

"కంకర తోలినార్లే అన్నా. పట్టీలు మార్పించుకుంటే సరిపోతుంది" అన్నాడు బ్రోకరు.

మూడు లక్షల అరవై దగ్గర మొదలైన బేరం మూడు లక్షల ముప్పై అయిదు వేల దగ్గర తెగింది. మించిన ముప్పై అయిదు వేలకు తల్లి మెడలోని గొలుసు బ్యాంకుకు పోయింది.

ఆర్సీ మార్పు దగ్గర బ్రోకరు దాటవేయడం మొదలుపెట్టాడు. "ఫారాలు నా దగ్గర ఉన్నాయి, ఎప్పుడైనా చేసుకోవచ్చు, తొందరేముంది?" అన్నాడు. డబ్బు చేతిలో పడ్డాక ఫోను ఎత్తడమూ తగ్గించాడు. చాలామంది ఇక్కడే ఊరుకుంటారు. ఈ కుర్రవాడు ఊరుకోలేదు, అందుకు నాకు గర్వంగా ఉంది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం బండి ఒకే రాష్ట్రంలో చేతులు మారితే అమ్మినవాళ్లు పద్నాలుగు రోజుల్లో, కొన్నవాళ్లు ముప్పై రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. అది జరిగేదాకా బండి చట్టం దృష్టిలో పాత యజమానిదే. ఎన్ని చేతులు మారినా సరే, ప్రమాదం జరిగితే పరిహారం కట్టాల్సింది రిజిస్ట్రేషన్‌లో పేరున్నవాడేనని 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. క్లాసులో ఆ తీర్పు చెప్పిన రోజు అతడు ముందు బెంచీలో ఉన్నాడు.

"ఆ పాత ఓనరు ఎవరో గాని, మన బండికి ఏదన్నా అయితే ఆయన మెడకు చుట్టుకుంటాది నాయినా. మనమే పోయి సంతకం పెట్టించుకుందాం" అన్నాడు.

ఆర్సీ మీద పేరుంది గాని వాళ్లకు ఆ పేరు కొత్త. ఇన్సూరెన్సు కాగితం మీద ఫోన్ నంబరుంటే దానికి చేశాడు. అవతలి గొంతు సంతోషంగా, "ఆళ్లగడ్డకు రాండి నాయనా, మెయిన్ రోడ్డు మీద నరసింహస్వామి విగ్రహం పక్క సందు" అంది. పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, ఫారం 30 పట్టుకుని తండ్రీ కొడుకులు ఆ బండిలోనే బయలుదేరారు.

సందు మలుపు తిరగగానే నాయన "ఒరే, ఆపు" అన్నాడు. అప్పటికే షెడ్డులోంచి మేస్త్రి రాతి దుమ్ము దులుపుకుంటూ ఎదురొచ్చాడు. ముందు బండి చుట్టూ తిరిగి చూసుకున్నాడు, తర్వాత మనుషులను చూశాడు.

"ఆ పొద్దు వచ్చి కూసోకుండా పోయింది మీరే గదా? బండి మీ చేతికే వచ్చిందా! మంచిదప్పా. ఎవురు తోలుతాండారో, యాడ ఎవురికి గుద్దుతారో, అంతా నా పేరు మీదనే ఉండె గదా అని నాకు నిద్ర లేదు."

ఫారాల మీద సంతకాలు పెట్టాడు. లోపలికి పోయి ఒక పొడుగాటి నోటుబుక్కు తెచ్చి కుర్రవాడి చేతిలో పెట్టాడు. "కొన్నోళ్లకు ఇయ్యప్పా అంటే ఆ బ్రోకరు వద్దన్నాడు. ఆయిలు మార్చిన ప్రతిసారీ దీంట్లో రాసినా."

పదకొండేళ్ల తేదీలు, ప్రతి తేదీ పక్కన కిలోమీటర్లు. చివరి పేజీలో చివరి అంకె 3,41,600. డాష్‌బోర్డు మీద ఆ రోజున్నది 1,17,000 చిల్లర.

నాయన చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరుకు, "బ్రోకరుకు ఎంతకిస్తివి మేస్త్రీ?" అని అడిగాడు.

"రెండు లక్షల పదివేలకు. మీకు రెండు ముప్పై చెప్పింటి గదా, మీరడిగింటే మీకూ తగ్గించి ఇచ్చేవాణ్ని. మీరెంత పెట్టినారు?"

నాయన పెట్టింది మూడు లక్షల ముప్పై అయిదు వేలు.