తడిబట్టల ఎగ్జిబిషన్

ఫోటోలు తీయడం వస్తే ఎగ్జిబిషన్ పెట్టేయొచ్చు అనుకునేవాళ్లందరూ ఇంకా పెట్టనివాళ్లే. పెట్టాక తెలుస్తుంది, అది అచ్చంగా ఆడపిల్ల పెళ్లి. హాలు వెతుక్కోవాలి, అలంకరణ చేయించాలి, పిలుపులకు తిరగాలి, వచ్చినవాళ్ల నోట్లోకి ఏదో ఒకటి చూడాలి. ఇంతా చేస్తే, వాళ్లు పిల్లను చూడకుండా గారెల్లో ఉప్పు తగ్గిందని చెప్పి వెళ్తారు.

సింగపూర్‌లో నా ఉద్యోగం చాంగీ బిజినెస్ పార్కులో, ఒక బ్యాంకు కంప్యూటర్లకు జ్వరం రాకుండా కాచుకోవడం. ఆదివారం వస్తే కెమెరా మెళ్లో వేసుకుని లిటిల్ ఇండియాలో పడతాను. అక్కడ బఫెలో రోడ్డని ఒకటుంది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పశువుల వ్యాపారం సాగేది. ఇప్పుడు గేదె మాట దేవుడెరుగు, కరివేపాకు, మల్లెపూలు దొరుకుతాయి. ఆ పక్కనే ప్రభుత్వం కట్టించిన ఎత్తయిన ఇళ్లు. ఆ దేశంలో ఎక్కువమంది కాపురాలు అలాంటి ఫ్లాట్లలోనే. పాత బ్లాకుల్లో వంటింటి కిటికీ కింద గోడకు గొట్టాలుంటాయి. తడిబట్టలు తొడిగిన వెదురు గడలను వాటిలో గుచ్చి బయటికి చాపుతారు. లుంగీలు, స్కూలు నిక్కర్లు, ఓ పెద్దాయన బనియన్లు... గాలి కొట్టిందంటే బ్లాకు బ్లాకంతా ఒక్కసారి ఇటు తిరుగుతుంది. నేను తీసింది వాటినే, నలుపు తెలుపుల్లో.

వీడియో కాల్‌లో మా నాన్నగారు కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "సముద్రం దాటి వెళ్లి ఊళ్లోవాళ్ల తడిబట్టల ఫోటోలు తీశావట్రా?" అన్నారు. అమ్మ అందుకుంది: "మన దొడ్లో దండెం మీద ఇన్నేళ్లు ఆరేశాను, ఒక్కటి తీశావా నాన్నా?" నాన్నగారికి ఏదో సర్దిచెప్పాను. అమ్మకు చెప్పడానికి ఇప్పటికీ జవాబు లేదు.

ఆఫీసులో ఒకాయన "ఇంజనీరువి, నీకెందుకయ్యా ఈ పిచ్చి?" అన్నాడు. రాజా దీన్‌దయాళ్ సంగతి చెప్పాను. ఆయనా రూర్కీలో ఇంజనీరింగ్ చదివినవాడే. ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టాడు. తర్వాత సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫోటోగ్రాఫరై, ముసవ్విర్ జంగ్ అని బిరుదు పొందాడు. "బాగానే ఉంది, మరి నీ నిజాం ఎవరు?" అన్నాడాయన.

నా నిజాం, సెరంగూన్ రోడ్డు వెనక సందులో కాఫీ హోటలు నడిపే చైనీస్ ఆంటీ. ఆవిడ ఫర్మానా మూడు ముక్కలు: గోడకు అద్దె లేదు, మేకు కొట్టకూడదు, వచ్చిన ప్రతివాడూ కాఫీ తాగాలి.

ఒక్కో ప్రింటు 12 బై 18 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల లెక్కన వేసుకుంటే ఫోటోకు దాదాపు రెండు కోట్ల చుక్కలు. వాటన్నిటికంటే విలువైన చుక్క ఇంకొకటుందని అప్పటికి నాకు తెలియదు. ప్రింట్లు చేతికొచ్చేసరికి లుంగీలన్నీ అమావాస్యలో ఆరేసినట్టున్నాయి. "స్క్రీన్ వెనక లైటుంటుంది సార్, కాగితం వెనక ఉండదు" అన్నాడు ప్రింటు కుర్రాడు, డబ్బులు లెక్కపెట్టుకుంటూ. మళ్లీ వేయించాను. ఫ్రేముల కోసం బ్రాస్ బాసా కాంప్లెక్స్‌కు వెళ్లినవాణ్ణి, ధరలు విని బల్ల పట్టుకుని నిలబడ్డాను.

ఆ ఊళ్లో గాలిలో తేమ సగటున 80 శాతం పైనే. లెన్సులకు బూజు పడుతుందని, కెమెరా మోజున్నవాళ్లు తేమ లాగేసే చిన్న కరెంటు బీరువా కొనుక్కుంటారు. నేనుండే అద్దె గదిలో ఏసీ రాత్రిపూటే వేసుకోవాలని ఇంటాయన షరతు. కెమెరాకు మాత్రం ఇరవై నాలుగ్గంటలూ రాజభోగం! ఫ్రేములకు ఆ యోగం లేదు. ఫోటో మధ్యభాగం నేల నుంచి 145 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలని మ్యూజియంల వాళ్ల లెక్క. టేపు పట్టి, రసమట్టం పెట్టి, జిగురు పట్టీలతో అంగుళం తేడా రాకుండా అతికించాను. తెల్లారేసరికి సగం ఫ్రేములు 145 నుంచి సున్నాకు దిగాయి.

ఆంటీ ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి, బట్టలారేసుకునే వెదురు గడ తెచ్చింది. పైకప్పు కొక్కేలకు దాన్ని కట్టి, ఫ్రేములన్నిటినీ తాళ్లతో వరసగా వేలాడదీసింది. ఫ్యాను తిరిగితే ఫోటోలు ఊగుతున్నాయి. సాయంత్రం వచ్చిన ఒక కళాహృదయుడు గడ్డం నిమురుకుని, "ఆరేసిన బట్టలను గడ మీదే ప్రదర్శించడం! ఎంత లోతైన ఆలోచనండీ" అన్నాడు. నేను వినయంగా తల దించుకున్నాను.

మనవాళ్లు దండిగా వచ్చారు. ఎవరో పులిహోర తెచ్చారు, దాంతో ఫోటోల మీద చర్చ పోపు దగ్గర ఆగిపోయింది. మిగతావాళ్లు "ఏ కెమెరా? ఎంత పడింది?" అన్నారు. ఒక తమ్ముడు "ఇవి ఐఫోన్‌లోనూ వస్తాయి బ్రో" అని భుజం తట్టాడు. ఇద్దరు వదినగార్లు ఫోటోలు కనిపించకుండా అడ్డంగా నిలబడి సెల్ఫీ తీసుకున్నారు. "వచ్చే నెల మా బాబు మొదటి పుట్టినరోజండీ, మీరు ఖాళీయేనా?" అని ఒకాయన అడ్వాన్సు కూడా ఇవ్వబోయాడు.

అమ్ముడైన ఫోటోకు పక్కన ఎర్ర స్టిక్కరు చుక్క పెట్టడం గ్యాలరీల ఆచారం. అంటే పిల్లకు బొట్టు పెట్టేసినట్టే, ఇంకొకరు అడగకూడదు. సింగపూర్‌కే ఎర్ర చుక్క అని పేరు. 1998లో ఇండోనేషియా అధ్యక్షుడు హబీబీ పటంలో ఆ దేశాన్ని ఎర్ర చుక్కగా తీసిపారేశాడని చెబుతారు. వాళ్లు ఆ మాటనే గర్వంగా తగిలించుకున్నారు. నేనూ ఆశగా ఒక షీటు నిండా చుక్కలు కొన్నాను.

ఒకటి వాడాను. మూసే వేళకు ఒక ముసలి అంకుల్ కాఫీకని వచ్చి, ఓ ఫోటోకు ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడ్డాడు. "ఇది మా కిటికీ" అన్నాడు. నా గుండె ఆగింది. "ఈ చొక్కా నాది. ఎర్రది. నువ్వు నల్లగా చేశావు." కొంటానన్నాడు, కాని చొక్కా తనది కనుక ధర తగ్గించాలన్నాడు, రంగు పోగొట్టినందుకు ఇంకొంచెం. కాదనడానికి నా దగ్గర న్యాయం లేదు. బేరం ముగిసేసరికి ఫ్రేము డబ్బులు మిగిలాయి. అందులోంచి, ఆఫీసువాళ్లు తాగి మరిచిపోయిన కాఫీల బిల్లు ఆంటీ పట్టుకుంది.

మిగిలిన ఫోటోలు నా మంచం కింద ఉన్నాయి. మీ ఇంట్లో గోడకు పెచ్చులూడిన చోటుంటే కబురు పెట్టండి, 12 బై 18 చక్కగా కప్పుతుంది. ఫోటో ఊరికే ఇస్తాను, ఫ్రేము ఖర్చు ఇచ్చుకోండి చాలు. వెదురు గడ ఆంటీకి తిరిగిచ్చేశాను, అది మాత్రం మీరే చూసుకోవాలి.