సెవెన్ టెన్నా, సెవెన్ థర్టీయా?

పాత కంప్యూటర్‌కు చవక గ్రాఫిక్స్ కార్డు బిగించే ముందు రెండు కార్డులను పక్కపక్కన పెట్టి ఏది మేలో తేల్చడమనే ఆచారం దేశమంతటా ఉన్నదే అయినా, మోపిదేవి వంటి ఊళ్లలో దానికి ప్రత్యేకమైన గాంభీర్యం అబ్బింది. సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సన్నిధికి పుట్టువెంట్రుకలకూ, చెవులు కుట్టించడానికీ, అన్నప్రాశనకూ, పెళ్లిళ్లకూ వచ్చే కుటుంబాల వల్ల ఫొటో స్టూడియోలకు పని దొరుకుతుంది. ఫొటోలు తీశాక ఆల్బమ్ డిజైన్ చేయాలి, దానికి కంప్యూటర్ కావాలి. ఆ కంప్యూటర్ నెమ్మదించిన రోజున, దాని హార్డ్ డిస్క్ వయసెంతో, ర్యామ్ ఎంతో ఎవరూ విచారించకుండానే "గ్రాఫిక్స్ కార్డు వేయించండి గురువుగారూ" అనే సలహా వెలువడుతుంది. అటుపైన మిగిలేది ఒక్కటే మీమాంస: ఎన్విడియా కంపెనీ వారి జీటీ 710 కొనాలా, జీటీ 730 కొనాలా? అవనిగడ్డ నుంచి చల్లపల్లి దాకా ఎవరినడిగినా తీర్పు మారదు. ఏడు వందల పది కన్నా ఏడు వందల ముప్పై పెద్దది కనుక అదే గొప్పది. అందులోనూ నాలుగు జీబీది దొరికితే ఇక తిరుగులేదు.

అంకెల మీద ఇంత భక్తి గల సమాజంలో ఆ అంకెల పుట్టుపూర్వోత్తరాలను ఎవరూ అడగకపోవడం విచిత్రం. పెద్ద అంకె గల 730 విడుదలైంది 2014 జూన్‌లో కాగా, చిన్న అంకె గల 710 దుకాణాలకు వచ్చింది 2016 జనవరిలో. అంటే రెంటిలో వయసులో పెద్దది ఏదో తెలుసుకోవడానికి మాత్రమే అంకె పనికొచ్చింది. పైగా 730 అన్నది ఒక కార్డు పేరే కాదు. అదే పేరుతో ఎన్విడియా మూడు వేర్వేరు కార్డులను లోకానికి ప్రసాదించింది. మొదటిది అంతకు కొన్నేళ్ల ముందటి ఫెర్మీ తరానికి చెందిన, 96 కోర్లు గల చిప్పు. కోర్లంటే తెర మీది బొమ్మను చుక్కచుక్కగా లెక్కగట్టే చిన్న చిన్న గణన విభాగాలు. రెండవది, మూడవది కెప్లర్ తరానివి, ఒక్కోదానికి 384 కోర్లు. అయితే ఒకదానికి కంప్యూటర్ ర్యామ్‌గా వాడే మామూలు డీడీఆర్3 మెమరీనీ, రెండవదానికి గ్రాఫిక్స్ కోసమే తయారైన వేగవంతమైన జీడీడీఆర్5 మెమరీనీ అతికించారు. మోపిదేవి చుట్టుపక్కల మొక్కుకుని పుట్టిన సుబ్రహ్మణ్యాలు వీధికి నలుగురు ఉంటారు కనుక, అక్కడ ఎవరి గురించి మాట్లాడినా ముందు ఇంటిపేరు అడుగుతారు. అంతటి లౌక్యం తెలిసిన జనం కార్డు కొనేటప్పుడు మాత్రం ఇంటిపేరు లేని 730ని కళ్లకద్దుకుని తెచ్చుకుంటున్నారు.

ఇక నాలుగు జీబీల మహిమ సంగతి. కార్డు మీద ఎంత మెమరీ ఉందన్నది నిల్వకు సంబంధించిన లెక్క. ఆ మెమరీకీ చిప్పుకూ మధ్య సెకనుకు ఎంత సమాచారం నడవగలదన్నది వేరే లెక్క, దాన్నే బ్యాండ్‌విడ్త్ అంటారు. డీడీఆర్3 గల కెప్లర్ 730లో ఈ దారి వెడల్పు 64 బిట్లు, ఒక్కొక్క బిట్టు మీద సెకనుకు 1.8 గిగాబిట్లు నడుస్తాయి; రెంటినీ గుణించి, ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 14.4 గిగాబైట్లు వస్తుంది. ఆట సాఫీగా కదలాలంటే సెకనుకు 60 బొమ్మలు కావాలని అందరూ ఒప్పుకున్నదే కాబట్టి, 14.4ను 60తో భాగించి చూస్తే ఒక్కో బొమ్మ గీయడానికి చిప్పు ముట్టుకోగలిగినది ఎంత చేసినా 240 మెగాబైట్లు. పెట్టె మీద నాలుగు జీబీ, అనగా 4,096 మెగాబైట్లు అని బంగారు రంగులో అచ్చేసిన ఆ కార్డులో, ఒక బొమ్మ పూర్తయ్యేలోగా మూడు వేల ఎనిమిది వందలకు పైగా మెగాబైట్ల వైపు చిప్పు కన్నెత్తి కూడా చూడలేదు. బొమ్మలు 30కి తగ్గించుకున్నా ముట్టుకునేది 480 దాటదు. జీడీడీఆర్5 గల 730లో మాత్రం దారి అదే 64 బిట్లయినా వేగం ఎక్కువ కనుక సెకనుకు 40 గిగాబైట్లు నడుస్తాయి. అయితే దాని పెట్టె మీద ఒక జీబీ అని ఉన్న పాపానికి అది అల్మరా అడుగున పడి ఉంటుంది.

ఈ వెలుగులో చూస్తే అసలు పోటీ ఎంత రసవత్తరమైనదో అర్థమవుతుంది. 710లో ఉన్నదీ కెప్లర్ తరపు చిప్పే, కోర్లు 192, డీడీఆర్3 రకంలో బ్యాండ్‌విడ్త్ అదే 14.4 గిగాబైట్లు. కోర్లు రెట్టింపయినా దారి అంతే ఉన్నందువల్ల డీడీఆర్3 రకపు 730 కొంత ముందుంటుంది తప్ప రెట్టింపు పని చేయదు. పని చేసినా మురిసిపోవడానికి ఏమీ లేదు. ఫెర్మీ తరానికి కొత్త ఆటల కోసం డ్రైవర్లు ఇవ్వడం, అంటే కార్డును విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రాములను సరిచేస్తూ ఉండడం, ఎన్విడియా 2018లోనే మానేసింది. కెప్లర్‌కు 2021లో మానేసింది.

అన్నిటికన్నా రుచికరమైన ఘట్టం స్టూడియోలోనే జరుగుతుంది. ఇటీవలి ఫొటోషాప్‌లు తమ కనీస అవసరాల్లో డైరెక్ట్ఎక్స్ 12లోని 12_0 అనే స్థాయిని అడుగుతాయి. ప్రోగ్రామ్‌కూ గ్రాఫిక్స్ చిప్పుకూ మధ్య కుదిరిన ఒప్పందంలో అదొక మెట్టు. 710, 730 కార్డులు రెండూ 11_0 దగ్గరే ఆగిపోతాయి. 2015లో వచ్చిన ఆరో తరం ఇంటెల్ కోర్ ప్రాసెసర్లలో అదనపు ఖర్చు లేకుండా వచ్చే గ్రాఫిక్స్ భాగం మాత్రం 12_1 దాకా ఎక్కుతుంది. ఆఫీసులు వదిలించుకున్న ఆరో తరం సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్‌లో రెండు డీడీఆర్4 ర్యామ్ స్టిక్‌లు ఉంటే ఆ భాగానికి, ప్రాసెసర్‌తో పంచుకోవలసిందే అయినా, సెకనుకు దాదాపు 34 గిగాబైట్ల దారి దొరుకుతుంది. పెళ్లి వీడియోల్లో ఇప్పుడు తరచుగా వచ్చే హెచ్ఈవీసీ ఫైళ్లను, కనీసం మామూలు 8 బిట్ల రకాన్ని, విప్పి చూపే యంత్రాంగం కూడా అందులో ఉంది. ఈ రెండు కార్డుల్లోనూ లేదు. చాలా మదర్‌బోర్డుల్లో విడి కార్డు గుచ్చగానే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ దానంతట అదే నిద్రపోతుంది. అంటే వేలు పోసి కార్డు తెచ్చిన స్టూడియో యజమాని, తన దగ్గర ఉచితంగా ఉన్న మెరుగైనదాన్ని ఆపుచేయించుకుని, ఫొటోషాప్ కనీస అర్హత కూడా లేనిదాన్ని పనిలో పెట్టుకున్నాడన్నమాట. ఆ సొమ్ముతో ఒక ఎస్ఎస్‌డీయో, రెండో ర్యామ్ స్టిక్కో వచ్చి ఉండేది. వాటికి పెట్టె మీద డ్రాగన్ బొమ్మ ఉండదు కనుక ఎవరూ సలహా ఇవ్వరు.

710 బొత్తిగా పనికిమాలినదని దీని అర్థం కాదు. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేనప్పుడో, మదర్‌బోర్డు మీది మానిటర్ పోర్టు కాలిపోయినప్పుడో తెర వెలిగించడానికి అది చాలు. 19 వాట్లు మాత్రమే తింటుంది, ఫ్యాన్ లేని రకాలు చప్పుడు కూడా చేయవు. ఆ పనికి 730 మీద ఇంకాస్త పెట్టడం దండగ.

పామరులు మోసపోయారనుకుని కంపెనీని పక్కన పెట్టడం న్యాయం కాదు. 2017 మేలో ఎన్విడియా జీటీ 1030ను సెకనుకు 48 గిగాబైట్ల జీడీడీఆర్5తో తెచ్చింది. మరుసటి ఏడాది డీడీఆర్4 పెట్టి బ్యాండ్‌విడ్త్‌ను 16.8కి దించి, పేరు మాత్రం ముట్టుకోకుండా అదే జీటీ 1030గా మళ్లీ వదిలింది. 730తో నేర్చుకున్న విద్య కాబోలు, వృథా పోనివ్వలేదు.

ఇదంతా తెలిసినవారు, ఆటలే కావాలనుకుంటే, 2016 అక్టోబరులో వచ్చిన జీటీఎక్స్ 1050 టీఐని సెకండ్‌హ్యాండ్‌లో వెతుకుతారు. దానిలోనూ నాలుగు జీబీలే, కానీ బ్యాండ్‌విడ్త్ 112 గిగాబైట్లు, అంటే డీడీఆర్3 రకపు 730కి దాదాపు ఎనిమిది రెట్లు. 75 వాట్లే కనుక చాలా రకాలకు వేరే పవర్ కేబుల్ కూడా అక్కర్లేదు. అయితే అక్కడా పేరే అమ్ముడుపోతుంది. జీటీఎస్ 450, జీటీఎక్స్ 550 టీఐ వంటి ఫెర్మీ కాలపు కార్డులకు లోపలి బయోస్ మార్చి, 1050 టీఐ అని పేరు తగిలించి అమ్మే నకిలీలు లోకమంతా తిరిగాయి. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను తెరిస్తే మెమరీ రకం, దారి వెడల్పు, బ్యాండ్‌విడ్త్ ఒకే తెర మీద కనిపిస్తాయి. ఇలాంటి నకిలీని గుర్తుపడితే కార్డు పేరుకు ముందు 'ఫేక్' అని కూడా అదే రాసి చూపిస్తుంది. బిల్లు రాసేముందు దాన్నొకసారి తెరిచి చూపమనడానికి మాత్రం కొనేవారికి మొహమాటం. ఆ మాట నోట రాకముందే, ఇంకో రెండు వందలు తగ్గించి ఇస్తామన్న మాట దుకాణం వైపు నుంచి వచ్చేస్తుంది.