మహమ్మారి మళ్లీ వస్తే మతి చెడగొట్టుకోవడం ఎలా?

కరోనా పోయిందని మరిపెడ బంగ్లా జనం నిమ్మళంగా ఉన్నారు. ఇంకోటి వచ్చేలోపు ఈ చిట్కాలు బట్టీ పట్టండి. ఒళ్లు వంచాల్సిన పని ఒక్కటీ లేదు.

1. ముందు ఊరిని రెండుగా చీల్చండి: 'మెంటల్' వాళ్లు, మనం. తిప్పలన్నీ వాళ్లవే. దీనికి 2021లో నెదర్లాండ్స్ పరిశోధకులు లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో అడ్డుపుల్ల వేశారు. కుంగుబాటు, ఆందోళన ముందునుంచీ ఉన్నవాళ్లకు బాధ ఎక్కువేగానీ, తొలి లాక్‌డౌన్‌లో అది పెద్దగా పెరగలేదట. పెరిగింది ఏ జబ్బూ లేనివాళ్లకేనట! డచ్చివాళ్లకు మన సంగతేం తెలుసు అనేయండి. తొలి ఏడాదే ప్రపంచంలో కుంగుబాటు, ఆందోళన 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. ఆ పెరిగిందంతా పక్క మండలంలోనేనని నమ్మండి.

2. ఇంట్లో ఎవరైనా మానసిక జబ్బుకు గోలీలు వాడుతున్నారా? మాన్పించడానికి లాక్‌డౌన్‌ను మించిన సాకు దొరకదు. 2020 మార్చి 22న ఆగిన తెలంగాణ ఆర్టీసీ బస్సులు మే 19 దాకా కదల్లేదు, వరంగల్ ఎంజీఎం దవాఖానకు పోయేదెట్లా అనండి. ఆశా వర్కర్‌ను అడగొచ్చు, కానీ అడిగితే ఊరందరికీ తెలుస్తుంది, పరువు ముఖ్యం. డాక్టర్లు ఫోన్‌లోనే చూసేందుకు కేంద్రం మార్చి 25నే మార్గదర్శకాలు ఇచ్చింది. సిగ్నల్ లేదని చెప్పండి, అదే ఫోన్‌లో రాత్రి రెండింటి దాకా వీడియోలు చూడండి. జబ్బు తిరగబెట్టాక 'ఆ గోలీలు పనిచేయవని నేను ముందే చెప్పలే?' అనడం మరవొద్దు. ఈ మాటకు ఎదురుండదు.

3. వైన్స్, కల్లు దుకాణాలు మూతపడ్డాయనుకోండి. రోజూ తాగే మనిషికి చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఎదుట లేనివాళ్లతో మాట్లాడతాడు. 2020 మార్చి చివర్లో ఇలాంటివాళ్లు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు బారులు తీరారు. మీరు మాత్రం దయ్యం పట్టిందనండి. నిమ్మకాయ తెస్తే చాలు, దవాఖానకు తీసుకుపోయే బాధ తప్పుతుంది. వైన్స్ మే 6నే తెరుచుకున్నాయి, బస్సుల కంటే పదమూడు రోజుల ముందే. మన అవసరాల వరుస సర్కారుకూ తెలుసు.

4. పొద్దంతా టీవీలో చావుల లెక్క చూడండి. మధ్యాహ్నం పడుకోండి, రాత్రి మేలుకోండి. గుండె దడదడలాడితే గ్యాస్ అనండి.

5. కరోనా తగ్గి ఇంటికొచ్చినవాళ్లను వాడకట్టులో ఎవరూ పలకరించకుండా చూడండి. అమెరికాలో కరోనా సోకినవాళ్ల రికార్డులు చూస్తే, మూడు నెలల్లోపు దాదాపు ఐదుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక జబ్బు నమోదైంది. ముందే మానసిక జబ్బున్నవాళ్లకు కరోనా సోకే ముప్పూ ఎక్కువేనట. అంటే ఈ జబ్బు ఆ జబ్బును తెస్తుంది, ఆ జబ్బు దీన్ని తెస్తుంది. రెండువైపులా మనకేం సంబంధం లేదు.

6. బాగోలేదని ఎవరైనా నోరు తెరిస్తే 'మాకు లేవా బాధలు?' అనండి. మళ్లీ తెరవరు.

7. టెలీ మానస్ అని 2022 అక్టోబర్ 10న కేంద్రం ఒక ఫోన్ సేవ మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. సాకు చెప్పుకోవడానికి సందే లేదు. కాబట్టి ఈ నంబర్‌ను మీ ఫోన్‌లో అస్సలు దాచుకోకండి: 14416.