నాతో మొదలుపెట్టకండి

నా ఎత్తు 19.7 మీటర్లు. టోక్యోలో సముద్రాన్ని పూడ్చి కట్టిన ఒడైబాలో, డైవర్‌సిటీ అనే షాపింగ్ మాల్ ముందు, 2017 సెప్టెంబరులో నన్ను నిలబెట్టారు. జపాన్ అనిమే రోబో యూనికార్న్ గండమ్ విగ్రహాన్ని నేను. తెల్లటి ఒళ్లు, నుదుట ఒంటికొమ్ము. రోజూ కొన్ని వేళల్లో ఆ కొమ్ము రెండుగా చీలుతుంది. ముఖం మీది కవచం తొలగి కళ్లు బయటపడతాయి. భుజాలు, మోకాళ్లు విచ్చుకుని లోపలి నుంచి ఎర్రటి వెలుగు చిమ్ముతుంది. కింద చేరినవాళ్లంతా ఫోన్లు పైకెత్తుతారు. వెలుగు ఆరి ఫోన్లు దించాక ఎవరో ఒకరు పక్కవాళ్లను తప్పకుండా అడుగుతారు: ‘గండమ్‌లో ఇన్ని సిరీస్‌లున్నాయి కదా, ఏది ముందు చూడాలి?’

నాకు నోరుంటే మొదట చెప్పే మాట, నాతో వద్దు అని. నన్ను చూసి మురిసిపోయినవాళ్లకే ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది. నా కథకు మూలం హరుతోషి ఫుకుయి నవల. అనిమేగా 2010 నుంచి 2014 దాకా 7 భాగాల్లో వచ్చింది. బొమ్మల పనితనం గొప్పది, హిరోయుకి సవానో సంగీతం ఒళ్లు గగుర్పొడిపిస్తుంది. అందుకే కొత్తవాళ్ల చెయ్యి ముందు దాని మీదికే పోతుంది. కానీ అది యూనివర్సల్ సెంచరీ అనే కల్పిత శకంలో 96వ ఏట జరిగే కథ. ముసుగు వేసుకున్న ఒక మనిషి కనబడగానే అందులో పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. ఎందుకో తెలియాలంటే అదే శకంలో 79వ ఏడు నాటి యుద్ధం తెలిసుండాలి. తెలియకపోతే పేలుళ్లు కంటికి ఆనుతాయి, ఆ ఉలికిపాటు మాత్రం అంటదు.

ఆ యుద్ధం చేసినవాడు నా పెద్దన్న, ఆర్‌ఎక్స్-78-2. నాకంటే ముందు, 2012 నుంచి 2017 మార్చి దాకా, ఈ చోట నిలబడ్డ 18 మీటర్ల విగ్రహం ఆయనదే. 1979 ఏప్రిల్ 7న నగోయా టీవీలో ‘మొబైల్ సూట్ గండమ్’ మొదలైంది. దర్శకుడు యోషియుకి తొమినో. పాత్రలకు రూపమిచ్చింది యోషికాజు యసుహికో, యంత్రాలకు కునియో ఓకవరా. అప్పటికి టీవీలో రోబో అంటే వారానికో రాక్షసుణ్ని మట్టి కరిపించే వీరుడు. తొమినో రోబోను సైన్యం చేయించుకున్న ఆయుధంగా చూపించారు. అందులో గుళ్లు అయిపోతాయి, భాగాలు దెబ్బతింటాయి, రాత్రంతా మెకానిక్కులు కూర్చోవాలి. శత్రువు దగ్గరా అలాంటి యంత్రాలే ఉంటాయి, వాటిని నడిపేవాళ్లకూ పేర్లూ ప్రేమలూ ఉంటాయి. ఆ రోజుల్లో ఇది ఎక్కలేదు. రేటింగులు పడిపోయి, 52 ఎపిసోడ్లు అనుకున్నదాన్ని 43తో ముగించారు. తర్వాత పునఃప్రసారాలు జనాన్ని పట్టుకున్నాయి. 1980 జులైలో బందాయ్ కంపెనీ 300 యెన్లకు అమ్మకానికి పెట్టిన చిన్న ప్లాస్టిక్ కిట్ కోసం పిల్లలు ఎగబడ్డారు. ఆగిపోయిన కథను మూడు సినిమాలుగా కూర్చి 1981, 1982ల్లో థియేటర్లకు తెచ్చారు.

ఆ సిరీస్‌లో 13వ ఎపిసోడ్ దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. గండమ్‌ను నడిపే అమురో పదిహేనేళ్లవాడు. చాలా కాలం తర్వాత తల్లిని చూడడానికి సొంతూరు వస్తాడు. ఆమె శరణార్థుల శిబిరంలో సేవ చేస్తుంటుంది. శత్రు సైనికులు తనిఖీకి రాగానే వాడు రోగిలా పడుకుని, దుప్పటి చాటు నుంచి ఒకణ్ని కాల్చేస్తాడు. తల్లి వణికిపోతుంది. కొడుకు బతికినందుకు సంతోషించదు, మనిషిని కాల్చినందుకు నిలదీస్తుంది. ఇది యుద్ధం అంటాడు వాడు. ఇద్దరి మాటా నిజమే, అందుకే ఆ తల్లీకొడుకులకు ఇక దారి కలవదు. పిల్లల కార్యక్రమమని వేసిన దానిలో, సాయంత్రం వేళ, 1979లో, ఇంత మాట చెప్పగలిగారంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. గండమ్ అంటే ఏమిటని అడిగేవాళ్లకు ఈ ఒక్క ఎపిసోడ్ చాలు.

పాత బొమ్మలు చూడలేమన్నవాళ్లను తప్పుపట్టను. వాళ్లు ఆ మూడు సినిమాలు చూడవచ్చు. మూడూ కలిపి దాదాపు 7 గంటలు, ఒక శనాదివారాల పని. మూడో సినిమాలో చాలా సన్నివేశాలు కొత్తగా గీశారు, కాబట్టి పోనుపోను చూపుకు నిండుగా ఉంటుంది.

అదీ ఎక్కువే అనిపించినవాళ్లకు, ముఖ్యంగా రోబోలంటే ఆసక్తి లేని పెద్దవాళ్లకు, నేను ఇచ్చే సలహా 1989లో వచ్చిన ‘వార్ ఇన్ ది పాకెట్’. మొత్తం 6 భాగాలే. తొమినో కాకుండా మరొకరు, ఫుమిహికో తకయామా, దర్శకత్వం వహించిన మొదటి గండమ్ అది. యుద్ధంలో ఏ పక్షమూ పట్టని ఒక అంతరిక్ష కాలనీలో ఆల్ఫ్రెడ్ అనే బడిపిల్లాడు ఉంటాడు. వాడికి యుద్ధమంటే ఆట. ఒక పక్క సైన్యంలో కొత్తగా చేరిన బెర్నీ వాడికి అన్నలాంటి వాడవుతాడు. పక్కింటి అక్క క్రిస్ రెండో పక్కన కొత్త గండమ్‌ను పరీక్షించే పైలట్. వాళ్లిద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇంతకు మించి చెప్పను. ఏ పాత సిరీస్ తెలియకపోయినా ఇది పూర్తిగా అర్థమవుతుంది. మొదట చూసేదానికి నా కొలత అదే: దాని కథ దానిలోనే తెగిపోవాలి, ఇంకోటి చూస్తే గానీ తెలియదు అనకూడదు.

ఆ కొలతకు నిలిచేవి ఇంకా ఉన్నాయి, ఎందుకంటే గండమ్‌లన్నీ ఒకే శకంలో జరగవు. పద్దెనిమిదేళ్ల లోపువాళ్లయితే 2022లో వచ్చిన ‘ది విచ్ ఫ్రమ్ మెర్క్యురీ’ పట్టుకోండి. ప్రధాన టీవీ సిరీస్‌లలో అమ్మాయి నాయికగా వచ్చింది అదే మొదటిసారి. బడి, ద్వంద్వయుద్ధాలు, కంపెనీల కుట్రలు అన్నీ 24 ఎపిసోడ్లలో సర్దేశారు. ముందు ప్రోలోగ్ చూడండి, దాన్ని వదిలేస్తే నాయిక సులెత్త తల్లి మనసు అంతుపట్టదు. అంగారకుడి మీద కూలికి అమ్ముడైన పిల్లల కథ ‘ఐరన్-బ్లడెడ్ ఆర్ఫన్స్’, గుండె దిటవు చేసుకుని చూడాలి. 2002 నాటి ‘సీడ్’ పెద్దన్న కథనే కొత్త తరానికి కొత్తగా చెప్పింది. 2025లో వచ్చిన ‘జీక్వక్స్’ మాత్రం తర్వాతకు ఉంచుకోండి. అసలు యుద్ధం తెలిసినవాళ్లకే అందులో తలకిందులైనదేమిటో అర్థమవుతుంది.

కల్పిత శకంలో ఏళ్ల వరసన చూద్దామనే తెలివి కూడా ఇక్కడ పనికిరాదు. అలా పోతే ముందు ‘ది ఆరిజిన్’ వస్తుంది. అమురోకు ప్రత్యర్థి అయిన ముసుగుమనిషి షార్ పుట్టుపూర్వోత్తరాలను 1979 సిరీస్ కొంచెం కొంచెంగా విప్పుతుంది, వాటిని అది మొదట్లోనే పరిచేస్తుంది.

టోక్యోలోనే నిషి-కసాయి వైపు భారతీయ కుటుంబాలు చాలా ఉంటాయి. సెలవు రోజుల్లో నా కాళ్ల దగ్గర తెలుగూ వినిపిస్తుంది.

‘మామయ్యా, వీటిలో ఇండియా రోబో లేదా?’ అని అడిగాడు ఒక పిల్లాడు.

‘ఉందిరా. జీ గండమ్‌లో దేశానికొకటి వచ్చి కుస్తీ పడతాయి. నియో ఇండియాది కోబ్రా గండమ్.’

‘అయితే నేను ముందు అదే చూస్తా.’

‘49 ఎపిసోడ్లురా!’

‘ఉండనీ మామయ్యా.’

వాడి ఎంపిక బాగుంది. 1994లో వచ్చిన ఆ సిరీస్‌కు వెనకా ముందూ ఏదీ తెలియనక్కర్లేదు, వాడి వయసుకు కావలసిన హుషారంతా అందులో ఉంది. మామయ్య తలెత్తి నన్ను చూసి, ‘ఇది నేను చూశాను గానీ సగం అర్థం కాలేదు’ అన్నాడు. ఆయనకు చెప్పాలనిపించింది: మూడు సినిమాలు చూడండి, తర్వాత 50 ఎపిసోడ్ల ‘జీటా’, 47 ఎపిసోడ్ల ‘డబుల్ జీటా’, ఆపైన 1988 నాటి ‘షార్స్ కౌంటర్ అటాక్’. అప్పుడు నా కథ మొదటి నుంచి మళ్లీ పెట్టి, ఫుల్ ఫ్రంటల్ అనే ఆ ముసుగుమనిషి నోరు విప్పే దాకా ఉండండి. ఆ పాత్రకు గొంతు ఇచ్చింది షుయిచి ఇకెద, 1979 నుంచి షార్‌కు గొంతు ఇస్తున్న మనిషే.