ఓడభోజన వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “బిడ్డా, పోరనికి జర పెరుగన్నం దొర్కుతదా?”

అవతారిక: మనుమని వెంట విహారనౌక ఎక్కిన కరీంనగర్ నాయనమ్మ, తెల్లని గుడ్డ పరచిన బల్ల ముందు కూర్చొని, పక్కనే పెద్ద అట్ట మీద అచ్చైన వంటకాల పట్టికను తెరవకుండానే వడ్డనవానితో పలికే వాక్యమిది. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు గోదావరి, మానేరు, కడెం ఉన్నాయి గాని సముద్రం లేదు. నీటి మీద విహారమంటే అక్కడివారికి లోయర్ మానేరు డ్యాంలో పడవ షికారు, మహా అయితే నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం దాకా లాంచీ. కొడుకులు, కోడళ్లు అమెరికాలో స్థిరపడి ఫ్లోరిడా రేవుల నుంచి తల్లిదండ్రులను ఓడ ఎక్కించడం వల్లనూ, 2022 జూన్‌లో కార్డీలియా సంస్థవారి ‘ఎంప్రెస్’ నౌక విశాఖపట్నానికి రావడం వల్లనూ ఈ వాక్యానికి సందర్భం ఏర్పడింది. (1990లో ఫ్రాన్సులో తయారైన ఈ నౌకకు దాదాపు పోరని తండ్రి వయసు ఉంటుంది.) మెదక్ ప్రాంతపు కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ మూలంలో లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ ప్రతిన పూనాడు, ప్రస్తుత వ్యాఖ్య మొదటి నియమానికి కట్టుబడుతుంది, రెండవదానికి హామీ లేదు.

టీక: ‘బిడ్డా’ అనేది సంబోధన. వడ్డించేవాడు గోవా వాడైనా ఫిలిప్పీన్స్ వాడైనా, నల్లకోటు తొడిగినా, ఈ పిలుపు మారదు. దీనివల్ల అతడు అతిథి ముందు చేతులు కట్టుకొన్న ఉద్యోగి స్థితి నుంచి ఇంటిపిల్లవాని స్థితికి వస్తాడు, ఇంటిపిల్లవానికి పట్టికతో పని లేదు.

‘పోరనికి’ అన్నచోట వయసు చెప్పలేదు గాని ఊహాప్రమాణంతో సాధించవచ్చు. ఆరు నెలలు నిండని శిశువును చాలా నౌకాసంస్థలు ఎక్కించుకోవు. మగపిల్లవానికి అన్నప్రాశన చేసేది కూడా ఆరవ నెలలోనే గనుక, పురోహితులూ నావికులూ ఒకరినొకరు సంప్రదించకుండానే ఏకాభిప్రాయానికి వచ్చారని ఒప్పుకోవాలి. ఇక డిస్నీవారి ఓడల్లో మూడేళ్లు నిండి, మరుగుదొడ్డి అలవాటైన పిల్లలకు ఆటల కేంద్రం ఉంది. ఈ పోరడు అక్కడ లేక బల్ల దగ్గరే ఉన్నాడంటే మూడేళ్లలోపు వాడని తేలుతున్నది. అంతకన్నా చిన్నవారికి రుసుము పుచ్చుకొనే శిశుశాల లేకపోలేదు గాని, పైసలిచ్చి మనుమణ్ని పరాయి చేతుల్లో పెట్టే విధి నాయనమ్మ ధర్మశాస్త్రంలో కనబడదు. ‘పిల్లవానితో ఇంత గొప్ప భోజనశాలకు రావడమెందుకు?’ అనే పూర్వపక్షానికి డిస్నీ నౌకలే జవాబు చెప్పాయి: ‘పాలో’ అనే ఇటలీ వంటల శాలలోకి 18 ఏళ్లలోపు వారిని రానివ్వరు. మిక్కీ ఎలుకను చూపించి పిల్లలను ఓడ ఎక్కించిన సంస్థే పిల్లలు లేని గదిని అదనపు ధరకు అమ్మడం వ్యాపార సూత్రాలలో సూక్ష్మమైనది. పోరడు కూర్చున్నది అది కాదు, అందరికీ ప్రవేశమున్న ప్రధాన భోజనశాల.

‘పెరుగన్నం’ అనే పదం వివాదాస్పదం. అమెరికాలో పుట్టినవారి ప్రతుల్లో ఇక్కడ ‘చికెన్ నగెట్లు’ అనే పాఠాంతరం ఉంది. పిల్లల పట్టికలో ముందుగా కనబడేవి అవే గనుక లేఖకులు భ్రమపడి ఉంటారు. తెలుగు భోజనంలో చివర రావలసిన పెరుగును మొదటే అడగడం క్రమభంగ దోషం కాదా అనేది పెద్ద ఆక్షేపణ. ఓడ భోజనంలో మొదట చిరువంటకం, తరువాత సూపు, ఆపైన ప్రధాన వంటకం, చివర తీపి వరుసగా వస్తాయి, ఒకటి తిన్న పళ్లెం తీశాక గాని రెండవది రాదు, మొత్తం గంటన్నర పడుతుంది. పోరనికి వరుస తెలియదు. ఆకలైనప్పుడు నాలుగు బుక్కలు, ఆపైన నిద్ర. ఊరి పెండ్లి బంతిలో ఈ చిక్కు రాదు, ఎందుకంటే వంటకాలు వెంటవెంటనే ఆకులో పడతాయి, ఒడిలోని పిల్లవాడు తల్లి ఆకులోంచే తింటాడు. కాబట్టి పెద్దల చిరువంటకం కన్నా ముందు పిల్లవాని గిన్నెను తెచ్చిపెట్టే వంటశాలే ఉత్తమమైనది. అలంకరణ, దీపాలు, పళ్లెం అంచున గీసిన చారలు దాని తరువాతివి. డిస్నీ ఓడల్లో కుటుంబం రోజుకొక భోజనశాలకు మారినా వడ్డించేవారు వెంటే వస్తారు గనుక, మూడవ రాత్రికి అడగకముందే గిన్నె రావడం సంభవమే.

‘దొర్కుతదా’ అనే ప్రశ్నకు కారణం వేరే ఉంది: ఇంట్లో వండిన పదార్థాలను చాలా ఓడల్లోకి తేనివ్వరు, లేకుంటే నాయనమ్మ అడిగేదే కాదు.

తాత్పర్యం: నాయనా, పట్టికలోని వంటకాల మీద మాకు ద్వేషం లేదు, వాటిని మేము నిదానంగా తినాలంటే ముందు వీని కడుపు నిండాలి, అందుకు తెల్లన్నం, చప్పటి పెరుగు కలిపితే చాలును అని భావం.

విశేషం: ‘జర’ అంటే కొంచెమని అర్థమైనా ఓడ వంటశాల నిండు గిన్నెనే పంపుతుంది. మిగిలినది ఎవరు తినాలో మూలం చెప్పలేదు. సూపు దగ్గరే ఆగిపోయిన తాత గిన్నెను తనవైపు జరుపుకొని, తొక్కు ఉందా అని మెల్లగా అడిగినట్లు ఒక ప్రతిలో ఉంది.