జోస్యం మాది, జేబు మీది

టెన్నిస్ గ్రాండ్ స్లామ్ డ్రా బయటికొచ్చిన మర్నాటికల్లా పండితులు దిగిపోతారు. ఎవరి దారి సాఫీ, ఎవరిది ముళ్లబాట, రెండో రౌండ్లో ఏ సీడ్ కొంప మునగబోతోంది, అన్నీ వాళ్ల నాలుక చివరే ఉంటాయి. ఆటగాడి మోకాలి నొప్పి ఆటగాడికన్నా ముందు వీళ్లకే తెలుస్తుంది. కోచ్‌ని మారిస్తే నిలకడ లేదంటారు, మార్చకపోతే ఎదుగుదల లేదంటారు. అంతా అయ్యాక చివర్లో ఒక్క ముక్క: 'మా పందెం ఫలానావాడి మీద, 1.90కి.' పైనున్న పాండిత్యమంతా ఈ అంకెకు వేసిన వేషం.

ఆ పాండిత్యంలో ఒక వాక్యాన్ని విప్పి చూద్దాం. 'ఈ సీజన్లో గ్రాస్ కోర్టు మీద ఇతని విజయ శాతం 87.5.' దశాంశ బిందువు కనబడగానే మనకు భక్తి పుట్టుకొస్తుంది. విప్పితే తేలేది ఇంతే: ఎనిమిది మ్యాచ్‌లాడి ఏడు గెలిచాడు. గ్రాస్ సీజన్ కొద్ది వారాల ముచ్చట కాబట్టి అంతకన్నా మరీ పెద్ద లెక్క దొరకడం కష్టం. ఆ ఏడింట్లో ఒకటి అవతలివాడు కాలు పట్టేసి మధ్యలో తప్పుకుంటే వచ్చిందైనా కావచ్చు. వెంటనే ఇంకో వాక్యం: 'అయితే ప్రత్యర్థి సర్వ్ కుదిరితే మ్యాచ్ ఎటైనా తిరగొచ్చు.' ఎటైనా తిరిగేదానికి 87.5 ఎందుకు నాయనా? గెలిస్తే మొదటి వాక్యం చూపించడానికి, ఓడితే రెండోది చూపించడానికి.

రోడ్డు పక్కన చిలక జోస్యం చెప్పేవాణ్ణి చూసి మనం నవ్వుకుంటాం. నిజానికి ఆ చిలకే నయం. కార్డు తీసి, గింజ తిని, మాట్లాడకుండా పంజరంలోకి పోతుంది. జోస్యం తప్పిన మర్నాడు బయటికొచ్చి, 'కార్డు అంచు నలిగి ఉందని అప్పుడే అన్నానుగా' అంటూ విశ్లేషణ రాయదు.

మన పండితులకు మహా ఇష్టమైన అస్త్రం ముఖాముఖి రికార్డు. 2015 యూఎస్ ఓపెన్ సెమీఫైనల్లో సెరెనా విలియమ్స్‌కు ఎదురుపడింది ఇటలీకి చెందిన రొబెర్టా విన్సీ, ర్యాంకు 43. అప్పటికి నాలుగుసార్లు తలపడితే నాలుగూ సెరెనావే. ఆ ఏడాది మొదటి మూడు గ్రాండ్ స్లామ్‌లూ ఆమెవే. మొదటి సెట్ కూడా 6-2తో ఆమెదే. తర్వాతి రెండు సెట్లూ 6-4, 6-4తో విన్సీవి. మర్నాడు పండితులందరికీ విన్సీ స్లైస్‌లో ఎప్పటినుంచో దాగి ఉన్న మహిమ ఒక్కసారిగా కనిపించింది. 2021లో అదే యూఎస్ ఓపెన్‌లో 18 ఏళ్ల ఎమ్మా రడుకాను క్వాలిఫైయింగ్ నుంచి వచ్చి, పది మ్యాచ్‌లాడి, ఒక్క సెట్ కూడా వదలకుండా కప్పు ఎత్తింది. క్వాలిఫైయింగ్ అవగానే ఇంటికెళ్లడానికి ఆమె విమానం టికెట్ కూడా తీసుకుని ఉంది. గెలవబోయే మనిషికే తెలియని సంగతి పండితులకు మాత్రం ఎలా తెలుస్తుంది? తెలియదు. తెలియదని రాస్తే కాలమ్ నిండదు.

ముందు సంగతి సరే, అయిపోయిన మ్యాచ్ అంకెలే అబద్ధమాడే ఆట ఇది. 2019 వింబుల్డన్ ఫైనల్ స్కోరు దాచిపెట్టి, గణాంకాలు మాత్రం ఈ పండితుల ముందు పెట్టండి. ఫెదరర్‌కు 218 పాయింట్లు, జకోవిచ్‌కు 204. ఏస్‌లు ఫెదరర్‌వే ఎక్కువ, విన్నర్లూ అతనివే, బ్రేక్‌లూ అతనివే. కప్పు జకోవిచ్‌ది. తన కెరీర్ మొత్తంలో 1,526 సింగిల్స్ మ్యాచ్‌లాడి దాదాపు 80 శాతం గెలిచిన ఫెదరర్, పాయింట్లలో గెలిచింది 54 శాతమేనని 2024లో డార్ట్‌మౌత్ విద్యార్థులకు స్వయంగా చెప్పాడు. అంతటివాడికే ప్రతి రెండు పాయింట్లలో ఇంచుమించు ఒకటి చేజారితే, ఎవరికీ తెలియని ఇద్దరు కుర్రాళ్ల మ్యాచ్‌ని 'బ్యాంకర్' అని, 'కళ్లు మూసుకుని పెట్టండి' అని అమ్మేవాడి ధైర్యానికి దండం పెట్టాల్సిందే. కళ్లు మూసుకోమన్న సలహా ఒక్కటే నిజాయితీగా ఇచ్చాడు.

ఇక ఆ 1.90 సంగతి. సమఉజ్జీలైన ఇద్దరి మీదా బుకీ రూపాయికి 1.90 ఇస్తాడు. ఇద్దరి మీదా చెరో వంద పెట్టండి. ఎవరు గెలిచినా చేతికొచ్చేది 190, పెట్టింది 200. ఆ పది రూపాయలు ఎక్కడికి పోయాయో ఏ ప్రివ్యూలోనూ ఉండదు. ఒక్కో మ్యాచ్‌తో ఆశ తీరనివాళ్లకు 'అక్యుములేటర్' ఉంది: ఐదుగురు ఫేవరెట్లను కలిపి ఒకే పందెం. ఒక్కొక్కరికీ గెలిచే అవకాశం 70 శాతం అనుకున్నా, ఐదుగురూ గెలిచే అవకాశం 17 శాతం లోపే. ఆటగాడు గాయంతో తప్పుకుంటే ఒక బుకీ దగ్గర తొలి బంతి పడితే పందెం చెల్లినట్టే, ఇంకొకరి దగ్గర ఒక సెట్ పూర్తవ్వాలి, మరొకరి దగ్గర మ్యాచ్ మొత్తం అవ్వాలి. డబ్బు పోయేది ఇలాంటి చోటే. పండితుడు మాత్రం బ్యాక్‌హ్యాండ్ గురించే రాస్తాడు.

వీళ్లు తెలివితక్కువవాళ్లు అనుకుంటే పొరపాటు. జోస్యం పదేపదే తప్పుతున్నా దుకాణం నడుస్తోందంటే, అక్కడ సరుకు జోస్యం కాదన్నమాట. చాలా బెట్టింగ్ సంస్థలు తమ దగ్గరికి మనిషిని తోలినవాడికి కమీషన్ ఇస్తాయి. ఎన్నో ఒప్పందాల్లో ఆ కమీషన్, వచ్చిన మనిషి పోగొట్టుకున్న సొమ్ములో వాటా. అంటే మీకు సలహా ఇచ్చినవాడికి మీరు ఓడితేనే లాభం. ప్రివ్యూ నిజమవ్వాల్సిన పని లేదు, మీరు పందెం కాస్తే చాలు.

మన దగ్గర ఈ వేషం ఇంకా ముదిరింది. బెట్టింగ్ సంస్థలు క్రీడావార్తల సైట్ల ముసుగులో ప్రకటనలు గుప్పిస్తున్నాయని 2022లో కేంద్ర సమాచార, ప్రసార శాఖే హెచ్చరించింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలకు అడ్డుకట్ట వేస్తూ చట్టాలు సవరించుకున్నాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు ప్రకటనలిస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. అందుకే 'ప్రకటన' అన్న మాట మాయమై 'విశ్లేషణ' మిగిలింది. 'బ్రో, ఈరోజు పక్కా' అన్న మెసేజ్ కూడా విశ్లేషణే కాబోలు.

పెద్ద టోర్నీలు నిద్రపోయినా పందెం నిద్రపోదు. మొత్తం ప్రైజ్ మనీ 15,000 డాలర్లుండే చిన్న టోర్నీల్లో, గ్యాలరీలో పట్టుమని పదిమంది లేని మ్యాచ్‌ల మీద కూడా పందెం కాయొచ్చు. టెన్నిస్‌లో అవినీతిపై వేసిన స్వతంత్ర సమీక్షా సంఘం 2018లో తేల్చినదాని ప్రకారం, ఈ ఆటలో ఖర్చులకు సరిపడా సంపాదించగలిగేది పైనున్న 250 నుంచి 350 మందే. మిగతావాళ్ల జేబు ఖాళీ అని తెలిసే ఫిక్సర్లు అక్కడ మాటు వేస్తారు. ఓడిపోవడానికి ఆటగాడే అమ్ముడుపోయిన మ్యాచ్‌కి 'రెండో సర్వ్ మీద ఇతని ఆధిపత్యం' అని విశ్లేషణ రాసినవాణ్ణి చూసి ఏడవాలో నవ్వాలో తెలియదు.

పందెం పోయినవాడు బుకీని తిట్టడు, జోస్యుణ్ణి అసలే తిట్టడు. ఆటగాళ్ల మీద పడతాడు. 2024లో సామాజిక మాధ్యమాల్లో టెన్నిస్ క్రీడాకారులకు వచ్చిన వేధింపుల్లో 40 శాతం పందెం పోగొట్టుకున్నవాళ్ల పనేనని మహిళా టెన్నిస్ సంఘం (డబ్ల్యూటీఏ), అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య (ఐటీఎఫ్) ప్రకటించాయి. 'పక్కా' అని చెప్పినవాడు హాయిగా ఉంటాడు. డబుల్ ఫాల్ట్ చేసిన అమ్మాయికి చంపుతామని బెదిరింపులు వస్తాయి.

కాబట్టి అయ్యా, ఇకమీదట ప్రతి ప్రివ్యూ కింద మూడు ముక్కలు కూడా రాయండి: పోయిన టోర్నీలో మీరు చెప్పినవి ఎన్ని తప్పాయి, మీ సొంత డబ్బు ఎంత పెట్టారు, ఈ రాతకు మీకు ఎవరిస్తున్నారు. రెండు వారాల తర్వాత జరగబోయే ఫైనల్లో ఐదో సెట్ స్కోరు దాకా చెప్పగల మహానుభావులు, నిన్న తమ ఖాతాలో డబ్బు వేసిందెవరని అడిగితే మాత్రం చెప్పలేరు.