సీసా ముహూర్తం

డాలస్ పరిసరాల్లో తెలుగువాళ్లుండే వీధుల్లో తిరిగితే, ఇంట్లో బీరు కాచే పెద్దమనిషి ఒకరైనా తగులుతారు. మా బావగారు ఆ జాతి. "బాగున్నారా బావగారూ?" అంటే "నిన్న సాయంత్రానికి 1.014కి దిగిందోయ్" అంటారు. కొత్తవాళ్లు ఏదో షేరు ధర పడిపోయిందనుకుని అయ్యో అంటారు. అది బకెట్‌లో పులుస్తున్న బీరు సాంద్రత. మొదటిరోజు 1.050 ఉంటుంది. ఈస్ట్ చక్కెర తిని ఆల్కహాలూ గ్యాసూ చేస్తున్నకొద్దీ దిగి, 1.010 దరిదాపుల్లో ఆగుతుంది. నిజంగా ఆగిందా, కాస్త నడుం వాల్చిందా అన్నదే ఆయన బెంగ. గృహప్రవేశానికి ముహూర్తమేమిటని పురోహితుడితో వాదించిన మనిషి, బీరును సీసాల్లో పోయడానికి మాత్రం ఘడియలు లెక్కపెడతారు.

మొదట్లో ఇంత నిదానం లేదు. టెక్సాస్ ఎండకు గరాజ్ పొయ్యిలా ఉంటుంది, ఏల్ ఈస్ట్‌కేమో 18–20 డిగ్రీల చల్లదనం కావాలి. అందుకని బకెట్‌ను అతిథుల బాత్రూం టబ్బులో నీళ్లు నింపి కూర్చోబెట్టారు. పాత క్రికెట్ టీషర్టు తడిపి దానికి చుట్టారు, ఫ్యాను పెట్టారు. తను కమోడ్ మూత మీద కూర్చుని ఫోనులో స్టాప్‌వాచ్ పట్టుకుని, గ్యాసు బయటికి పోయే ఎయిర్‌లాక్‌లోంచి నిమిషానికి ఎన్ని బుడగలొస్తున్నాయో లెక్కపెట్టారు. అయిదోరోజుకు బుడగలు ఆగాయి. ఆ శనివారమే ఇంట్లో పేకాట. ఇంకేం, అయిపోయిందన్నారు.

బుడగల్ని నమ్మి సీసా మూత బిగించకూడదు. మూత సందులోంచి గ్యాసు పోతున్నా బుడగలు ఆగుతాయి. పులవడం అయిపోయాక కూడా, గది వేడెక్కితే మళ్లీ మొదలవుతాయి. లోపల చక్కెర ఇంకా మిగిలే ఉంది. సీసాలో గ్యాసు పట్టడానికని బావగారు పైన మరికాస్త కలిపారు. పేకాటలో తియ్యగా ఉందని ఎవరూ రెండో సీసా ముట్టలేదు. మిగతావి అల్మారాలోకి వెళ్లాయి. ఓ అర్ధరాత్రి ఒకదాని తర్వాత ఒకటి పేలాయి. అక్కయ్య దొంగలనుకుంది. తెల్లారి తన గద్వాల చీర మడతల్లోంచి గాజుపెంకులు ఏరుకుంది. ఆ అల్మారా తాళం ఇప్పుడు ఆవిడ దగ్గరే.

ఆ దెబ్బతో మనిషి రెండో కొసకు వెళ్లిపోయారు. రెండు మూడు రోజుల తేడాతో చూసినా అంకె కదలకపోతే పని అయినట్టేనని ఏ పుస్తకమైనా చెబుతుంది. బావగారికి అంకె కదల్లేదు. దాంతో సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ మీద అనుమానం వచ్చింది. మంచినీళ్లలో వేసి చూశారు, 1.000 చూపించింది. అప్పుడు నీళ్ల మీద అనుమానం. ఆ తర్వాత వెన్న వాసన వస్తోందన్నారు. ఇందులో మాత్రం ఆయన పక్షమే నేను. అది డయాసిటైల్, ఇంకో రెండు మూడు రోజులు ఈస్ట్ మీదే వదిలేస్తే అదే తినేస్తుంది. వాసన పోయాక, అడుగున మడ్డి మీద ఇన్నాళ్లుంటే చెడిపోదా అని కొత్త దిగులు. మూడు నాలుగు వారాలున్నా ఏమీ కాదని అనుభవజ్ఞులు చెప్పినా నిద్ర పట్టదు, లేచి మరోసారి కొలుస్తారు. కొలిచినప్పుడల్లా గొట్టం నిండా బీరు తియ్యాలి. క్రిములు చేరతాయి గనుక తీసింది తిరిగి బకెట్‌లో పొయ్యకూడదు. ఈ ఒక్క నియమాన్ని బావగారు ఇంతవరకూ తప్పలేదు.

అక్కయ్య విసుక్కుంటే చట్టం తీస్తారు. "1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టాడు. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్ల దాకా హక్కుంది."

"అయితే నా వంద నాకిచ్చెయ్యండి, పారబోసుకుంటాను."

మొన్న తెనాలి నుంచి అత్తయ్యగారు వచ్చారు. స్నానానికి వెళ్లి బకెట్ చూశారు. "పొంగిందా, నురగ దిగిందా. ఇంకా దేనికి బాబూ?"

"అంకె కదలకూడదండీ అత్తయ్యగారూ."

"రోజూ మూత తీసి చూస్తే దోసెల పిండైనా నిలవదు నాయనా."

గాలి తగిలితే బీరు చప్పబడి తడిసిన అట్టలా తయారవుతుందని బావగారికి తెలుసు. కాబట్టి నోరెత్తలేదు. ఆదివారం పొద్దున్నే సీసాలు కడిగి బోర్లించారు, మూతలు లెక్కపెట్టారు, చక్కెర తూచారు. చివరిసారిగా ఒక్కసారి చూద్దామని హైడ్రోమీటర్ కడుగుతుంటే సింకులో జారి రెండు ముక్కలైంది. సీసాలు మళ్లీ అట్టపెట్టెల్లోకి వెళ్లాయి. కొత్తది బుధవారం వస్తుందట. ఈసారి రెండు తెప్పిస్తున్నారు. మొదటిది అబద్ధమాడితే పట్టుకోవడానికి రెండోది.